తుపాకీ ఇంట్లో లేని వేసవి

ఎన్నికల కోడ్ వచ్చిందంటే ఊళ్లో అందరూ జెండాలు కడతారు. మా ఇంట్లో మాత్రం తుపాకీ ప్రయాణం కడుతుంది. లైసెన్సు ఉన్న ఆయుధాలన్నీ ఓట్ల పండగ అయ్యేదాకా పోలీస్ స్టేషన్లో అప్పగించాలన్నది రూలు. మా మామగారు పాపారాజుగారు ఆ రూలును ఆడపిల్లకు సారె పట్టుకెళ్లినంత ఘనంగా పాటిస్తారు.

ఆ ఏడు మార్చి మూడో వారంలో కూడా అలాగే జరిగింది. ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీ, భుజం మీద జరీ కండువా. హాల్లో గోడకున్న రెండు మేకుల మీంచి జోడు గొట్టాల తుపాకీని దించారు. మెత్తటి గుడ్డతో తుడిచారు. ఖాకీ సంచిలో పెట్టి, కారు ముందు సీట్లో నిలబెట్టి, దానికి బెల్టు కూడా పెట్టారు. ఆయన మాత్రం వెనక సీట్లో కూర్చున్నారు. డ్రైవింగు మా ఆయన ప్రసన్నకుమార్ వర్మది.

"తుపాకీకి బెల్టెందుకండీ మామయ్యగారూ, అదేమైనా దూకి పారిపోద్దా?" అన్నాను.

"మీకు తెలీదండి హైమమ్మా. బ్రేకేస్తే పడిపోద్ది. మా నాన్నగారి చేతి వస్తువు" అన్నారాయన, నవ్వకుండా.

మా ఇళ్లల్లో ఆరు నెలల పసివాణ్ణి కూడా 'అండి' అనే పిలుస్తాం. పాలు తాగండి, నిద్రపోండి, గోల చెయ్యకండి. కోపం నెత్తికెక్కితే తప్ప 'నువ్వు' అనే మాట నోట్లోంచి రాదు. బయటివాళ్లు దీన్ని చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఈ మర్యాద పనివాళ్ల దాకా మాత్రం వెళ్లదు. ఇరవయ్యేళ్లుగా ఈ ఇంటి కోడల్ని, పక్క ఊరి హైస్కూల్లో సోషల్ టీచర్ని. అయినా ఈ సంగతి ఆ వేసవి దాకా నా మనసుకు తట్టలేదు.

అచ్చిబాబు గేటు తీసి పట్టుకుని, కారు వెళ్లాక సైకిలెక్కాడు. మా చేపల చెరువుల మీద కాపలా ఉంటాడు, యాభై దాటాయి. కుడి మోచెయ్యి వంగదు. నేను కాపురానికి వచ్చేసరికే అలా ఉంది. నీళ్లు తోడే ఇంజను బెల్టులో పడిందని చెప్పారు. ఎడం చేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడి చెయ్యి దాని మీద ఊరికే ఆనించి, స్టేషను దాకా ఆరు కిలోమీటర్లు తొక్కుకుంటూ వెళ్తాడు. తుపాకీ అప్పగించిన రసీదు మీద సాక్షి సంతకం అతనిదే. ఆ ఒక్క కాగితమనే కాదు, చెరువు లీజులైనా, బ్యాంకు కాగితాలైనా, మా ఇంటి నుంచి వెళ్లే వేటి మీదైనా కింద వంకరగా ఎడం చేత్తో గీసిన సంతకం అచ్చిబాబుది. ఏం రాసుందని ఎప్పుడూ అడగలేదు.

నిజం చెప్పాలంటే ఆ తుపాకీకి ఏడాదిలో నాలుగు నెలలే పని. చలికాలం చెరువుల మీద నీటికాకులు గుంపులుగా వాలి చేపపిల్లల్ని మింగేస్తుంటే, బెదరగొట్టడానికి గాల్లోకి ఒకటో రెండో పేలుస్తారు. మిగిలిన ఎనిమిది నెలలూ గోడ మీద కూర్చుని మా పరువు మోస్తూ ఉంటుంది. దసరాకి ఆయుధపూజలో దానిదే పెద్దపీట. ట్రాక్టరుకీ, నీళ్లు చిలికే ఏరేటర్లకీ, చేపల కాటాకీ, చివరికి నా కుట్టుమిషనుకి కూడా మా అత్తగారు రత్నమాణిక్యంగారు స్వయంగా బొట్టు పెడతారు. తుపాకీ దగ్గరకి వచ్చేసరికి కుంకుమ భరిణె మామగారి చేతికిచ్చి పక్కకి జరుగుతారు. ఆడవాళ్లు ఆయుధం ముట్టుకోకూడదన్న ఆచారం కాబోలనుకునేదాన్ని.

తుపాకీ వెళ్లిపోయాక గోడ మీద రెండు మేకులూ, వాటి మధ్య సున్నం వెలిసిపోని ఒక పొడుగాటి మచ్చా మిగిలాయి.

*

ఏప్రిల్ రెండో వారంలో భీమవరంలో మాకు ఎలక్షన్ ట్రైనింగు. ఓటింగు మిషనుకి వైర్లు ఎలా తగిలించాలో చూపిస్తున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నా జాకెట్లు తడిసిపోతున్నాయి. పక్కన కూర్చున్న మా లెక్కల మాస్టారు ఉదయభాస్కర్ గారు తన ఫోన్ మెల్లగా నా వైపు తిప్పారు.

"హైమగారూ, ఏమీ అనుకోకండి. ఈ కుర్రాడు మీవాడేనాండీ?"

మావాడే. ఆదిత్య. పట్టుపంచె కట్టుకుని, భుజం మీద మా తుపాకీ పెట్టుకుని, మా వాకిట్లోనే మెల్లగా నడిచి వస్తున్నాడు. వెనక డప్పులూ, ఉరుముల్లాంటి సంగీతం. తల సగం తిప్పి, కనుబొమ ఎగరేసి చూశాడు. ఆ చూపు దగ్గర బొమ్మ ఆగి, మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి: 'మే 13న లెక్క తేలుస్తాం.' మెడ మీద ఒక పార్టీ కండువా బొమ్మ అతికించారు. ఏ పార్టీయో చెప్పను, చెప్తే మళ్లీ అదొక గొడవ. అప్పటికి నలభై వేలమంది చూశారు.

మధ్యాహ్నం భోజనం ప్యాకెట్ కూడా తీసుకోకుండా బస్సెక్కాను.

"అది దసరాది మమ్మీ" అన్నాడు ఆదిత్య. మొహం పాలిపోయింది. పదిహేడేళ్లు, ఇంటరు పరీక్షలు రాసి ఇంజనీరింగ్ ఎంట్రన్సుకి చదువుతున్నాడు. "పాటొకటి పెట్టి నా పేజీలో వేశాను, అంతే. ఆ రాతలు నావి కావు. ఎవరో తీసుకుని అతికించారు."

"నోరు ముయ్యి. నువ్వూ నీ ఫోనూ!" అన్నాను. 'నువ్వు' వచ్చేసింది.

ఫోన్ లాక్కున్నాను. ఆ వీడియోని లోకంలోంచి తీసేయడం నాకెలా చేతనవుతుంది? వాడు రోజూ ఆడే కాల్పుల గేమ్ కనిపించింది, దాన్ని మాత్రం తీసి పారేశాను. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటే అదే. అది తీసేసినప్పుడు ఏదో సాధించినట్టు కూడా అనిపించింది.

అసలు నాకా గేమంటే ముందునుంచీ మంట. ఫిబ్రవరిలో మా బళ్లో వక్తృత్వ పోటీ పెట్టాను. 'హింస ఉన్న సినిమాలూ గేముల వల్లే కాల్పులు, నేరాలు పెరుగుతున్నాయి, అవునా కాదా?' అన్నది విషయం. నలుగురు తప్ప అందరూ అవునన్నారు, బల్లలు గుద్ది మరీ అన్నారు. ఆ నలుగురిలో తొమ్మిదో తరగతి శ్రీదుర్గ ఒక్కతే లేచి, "మేడం, సినిమా అందరం చూస్తామండి. తుపాకీ అందరిళ్లల్లో ఉండదు కదండీ. కాల్పులు ఎక్కడ జరుగుతున్నాయో చూడాలి కదండీ" అంది. పిట్ట కొంచెం కూత ఘనం అని మెచ్చుకుని, రెండో బహుమతి ఇచ్చాను. మొదటి బహుమతి గట్టిగా అరిచినవాడికిచ్చాను.

*

మర్నాడు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. మామగారు, మా ఆయన, నేను వెళ్లాం. ఎస్సైగారు కుర్రవాడు. మామగారిని చూసి లేచి నిలబడి, కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు. మా తుపాకీ ఆ పక్కగదిలోనే, చీటీ కట్టించుకుని, ఇంకో పాతిక తుపాకుల మధ్య ఉంది.

"ఆ రాతలు మీవాడివి కావని మాకు తెలిసిందండి. అతికించినవాళ్లని మేం చూసుకుంటాం" అన్నాడు ఎస్సైగారు. "కానీ తుపాకీ మీదే కదండీ రాజుగారు. లైసెన్సు మీ పేరు మీద. మైనరు కుర్రాడి చేతికెలా వచ్చింది? అది నాకు కాగితం మీద కావాలండి. ఎలక్షన్ టైము, పైనుంచి అడుగుతున్నారు."

మామగారు మజ్జిగ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేశారు.

ఎస్సైగారు గొంతు తగ్గించాడు. "మీరే ఇచ్చారని రాస్తే లైసెన్సు ఉండదండి. మీకు తెలియకుండా కుర్రాడే తీశాడని రాయండి. కౌన్సెలింగ్ ఇప్పించి పంపేస్తాం. పేరొకటి మా రిజిస్టర్లో పడుద్ది, అంతేనండి. సినిమాలు, గేముల ప్రభావం అని ఒక ముక్క కలపండి. అందరూ అదే రాస్తారు. ఇంట్లో ఎవరైనా నమ్మకమైన మనిషి సాక్షి సంతకం పెట్టాలి."

దారిలో ముందు సీటు ఖాళీగా ఉన్నా మామగారు అలవాటుకొద్దీ వెనకే కూర్చున్నారు. ఇల్లు చేరాక కండువా తీసి కుర్చీ మీద వేస్తూ అన్నారు. "హైమమ్మా, మీ దస్తూరి బావుంటుంది. మీరు రాయండి."

దసరా రోజు ఏం జరిగిందో నాకు తెలుసు. పూజ అయ్యాక మామగారే తుపాకీ తీసి మనవడి చేతిలో పెట్టారు. "ఛాతీ విరవండి బాబూ, గడ్డం పైకెత్తండి" అంటూ ఆయనే వాడి ఫోన్ పట్టుకుని వీడియో తీశారు. వంటింటి గుమ్మంలో నిలబడి నేను చూశాను. చూసి మురిశాను కూడా. అంతా తెలిసి, ఆ మధ్యాహ్నం తెల్లకాగితం మీద మార్జిన్ గీసి మరీ రాశాను: 'సినిమాల, ఫోన్ గేముల ప్రభావానికి లోనై నా మనవడు నాకు తెలియకుండా...'

ఎందుకు రాశావంటే చెప్పడానికి నా దగ్గర పెద్ద కారణమేమీ లేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి అడిగారు. పేరొకటేగా రిజిస్టర్లో పడేది అని మా ఆయన అన్నారు. పైగా, ఆ గేమ్ తప్పేనని నేను నమ్మాను. నమ్మిన మాటని అబద్ధంలో కలిపి రాస్తే అబద్ధంలా అనిపించలేదు.

*

ఆదివారం పొద్దున్న వరండాలో కాఫీలవుతున్నాయి. టీవీలో అమెరికాలో ఎక్కడో బళ్లో కాల్పులని చూపిస్తున్నారు. పిల్లలు చేతులు పైకెత్తి వరసలో బయటికొస్తున్నారు. అత్తగారు చూడలేక సౌండు తగ్గించారు.

"చూశారా?" అన్నారు మామగారు. "ఇరవయ్యేళ్ల వాడంట. పొద్దస్తమానం ఆ గేములేనంట. మన ఆదిత్యగారు ఆడేవి అవే కదా."

ఆదిత్య చేతిలో నేను రాసిన కాగితం ఉంది. టేబుల్ మీదది తీసి చదివినట్టున్నాడు.

"తాతగారూ, 'నాకు తెలియకుండా' అని ఉందేంటండీ ఇందులో?"

"ఎస్సైగారు అలా రాయమన్నారు."

"మీరేగా నా చేతిలో పెట్టింది. గడ్డం ఎత్తమన్నది మీరు. వీడియో తీసింది మీరు."

"ఇచ్చానండి. పూజ రోజు, ఇంట్లో, ముచ్చటపడి ఇచ్చాను. ఊరందరికీ చూపించుకోమన్నానా? ఆ యావ మీకెక్కణ్ణించి వచ్చింది? ఆ ఫోన్లోంచే కదా."

ఆదిత్య లేచి హాల్లోకి చూపించాడు. రెండు మేకుల పక్కన గోడ మీద పెద్ద ఫోటో ఉంటుంది. పాతికేళ్ల వయసులో పాపారాజుగారు, స్టూడియోలో, ఒక కాలు స్టూలు మీద పెట్టి, అదే తుపాకీ భుజానేసుకుని. "మరి ఆ ఫోటో దేంట్లోంచి వచ్చిందండీ? అప్పుడు ఏ గేమ్ ఆడారు మీరు?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మామగారి చెవులు ఎర్రబడ్డాయి.

"రోజూ వందమందిని కాలుస్తారు కదండీ అందులో. మనసు మొద్దుబారిపోదా?"

"నేను దోమని కూడా సరిగ్గా కొట్టలేను, మీకు తెలుసు. ఆ గేమ్ జపాన్లోనూ ఆడతారు తాతగారూ. అక్కడ తుపాకీ కొనాలంటే నెలలకొద్దీ పరీక్షలు, తనిఖీలు ఉంటాయి. అక్కడ బళ్లల్లో ఇలా జరుగుతోందా? వీళ్లకి కొట్లో దొరుకుద్ది, కాలుస్తారు."

"అంటే ప్రభావమే లేదంటారా?" అన్నాను నేను. టీచర్ని కదా, ఊరుకోలేను. "ఆ నడక ఎక్కడ నేర్చుకున్నారు మీరు? ఆ తల తిప్పడం, ఆ కనుబొమ ఎగరెయ్యడం? మనింట్లో ఎవరు నడుస్తారండీ అలా?"

వాడి మొహంలో మొండితనం పోయి ఆలోచన వచ్చింది. ఆ మార్పు చూసి నాకు వాడి మీద ప్రేమ పొంగింది.

"నడక సినిమాదే మమ్మీ. కాదనను" అన్నాడు. "తుపాకీ మాత్రం మనది."

మామగారికి అది ఎక్కడో గుచ్చుకుంది. ఖాళీ కప్పు ఠక్కున టేబుల్ మీద పెట్టారు.

"మనదే. డెబ్బై ఏళ్లుగా ఈ ఇంట్లో ఉంది. మా నాన్నగారు పట్టారు, నేను పట్టాను. ఒక్క మనిషికి గోరంత దెబ్బ తగిలిందా? చెప్పండి! ఎందుకంటే అప్పుడీ ఫోన్లు లేవు, ఈ సినిమాలు లేవు, ఈ పిచ్చి లేదు." గుమ్మం వైపు తిరిగి కేకేశారు. "అచ్చిబాబూ! ఇలా రా. ఈ సంతకం పెట్టు."

అచ్చిబాబు రోజూ ఆ వేళకి చెరువుల కబురు చెప్పడానికి వస్తాడు. అప్పటికే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలీదు. ఆయన మాట విన్నాడని మాత్రం మొహం చూస్తే తెలుస్తోంది. తువ్వాలు నడుంకి చుట్టుకుని పైకొచ్చాడు. ఆదిత్య చేతిలోంచి కాగితం అందుకున్నాడు. పెన్ను ఇచ్చాను. పట్టుకున్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు.

"అమ్మగారండి, ఏం రాసుందో ఓసారి చదవండి" అన్నాడు.

ఇరవయ్యేళ్లలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. చదివాను. నా అక్షరాలే, నా గొంతే. 'నాకు తెలియకుండా' దగ్గర గొంతు కిందకి జారింది. అచ్చిబాబు చివరిదాకా విని, పెన్ను కాగితం మీద పడుకోబెట్టి, రెండూ టేబుల్ మీద పెట్టేశాడు.

"రాజుగారండి, ఇంతకుముందోసారి పెట్టానండి సంతకం. ఇంజను బెల్టులో చెయ్యి పడిందని."

మా ఆయన చదువుతున్న పేపరు కిందకి దిగింది.

"అప్పుడు ఫోన్లు లేవు కదండీ" అన్నాడు అచ్చిబాబు. గొంతులో కోపం లేదు. మర్చిపోయిన సంగతి గుర్తుచేస్తున్నట్టు అన్నాడు. "మంచులో నేను మీకు కనపళ్లేదండి. అవతలి గట్టు కింద నీళ్లల్లో ఉన్నాను. మీరు నీటికాకుల మీదకని పేల్చారు. కొన్ని గుళ్లు డాక్టరుగారు తీశారండి, కొన్ని చేతిలోనే ఉండిపోయాయండి. దానికి నేనేం అనుకోలేదండి, ఆయ్. ఆ కాయితం నా మీద నేను పెట్టుకున్నానండి. ఇది బాబుగారి మీదండి. ఈ పాలి పెట్టలేనండి."

టీవీలో ఆ పిల్లలు ఇంకా చేతులెత్తి నడుస్తూనే ఉన్నారు. నేను మామగారి వైపు చూశాను. ఆయన కాదంటారని, గద్దిస్తారని అనుకున్నాను. ఆయన తన చేతుల్ని చూసుకుంటున్నారు.

అత్తగారు లేచి వచ్చి నా ముందు చెయ్యి చాపారు. "ఆ కాయితం ఇలా ఇవ్వండి హైమమ్మా." ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి, బొడ్లో తాళాల గుత్తి పక్కన దోపుకున్నారు. "కాఫీ తాగి వెళ్లు అచ్చిబాబూ" అని లోపలికి వెళ్లారు.

వెనకాలే వంటింట్లోకి వెళ్లాను. "మీకు తెలుసాండీ అత్తయ్యగారూ?"

పాలు పొయ్యి మీద పెడుతూ చెప్పారు. "ముప్పై దసరాలమ్మా. ప్రతిసారీ బొట్టు పెట్టమంటారు. నా చెయ్యి రాలేదు."

ఆ పొద్దున్న నాకు సిగ్గేసింది. తుపాకీ గురించి కాదు, ఆ కాగితం గురించి. గీత గీసినట్టు ఎంత నీటుగా రాశానో!

*

మామగారు రెండు రోజులు పొద్దున్నే చెరువు గట్టుకి వెళ్లి ఎండెక్కాక వచ్చేవారు. మూడో రోజు నన్ను తెల్లకాగితం అడిగారు. నేను పెన్ను తీసుకుని కూర్చోబోతే, "వద్దండి, నేనే రాసుకుంటాను" అన్నారు. ఆయన అక్షరాలు చీమలు పాకినట్టుంటాయి. అరపూట పట్టింది. ఆదిత్యని పిలిచి, వాడి చేతికిచ్చి చదవమన్నారు.

'తుపాకీ నా మనవడి చేతికి నేనే ఇచ్చాను. వీడియో నేనే తీశాను. ఇందులో అతని తప్పు లేదు. తొంభై నాలుగులో ఇదే తుపాకీతో మా అచ్చిబాబుకి చెయ్యి పోగొట్టింది కూడా నేనే. ఇంజను బెల్టు అన్నది అబద్ధం.'

ఆదిత్య చదివి, "రెండోది ఇప్పుడు రాయక్కర్లేదేమో తాతగారూ" అన్నాడు మెల్లగా.

"మీకోసం రాయలేదు లెండి" అన్నారాయన.

ఎస్సైగారు కూడా ఆ రెండో సంగతి తీసెయ్యమని బతిమాలాడట. పాత తవ్వకాలు ఎందుకండీ అన్నాడట. మామగారు ఉండనివ్వండి అన్నారట. అచ్చిబాబుని పిలిచి ఫిర్యాదేమైనా ఇస్తావా అని అడిగితే, "ఆయ్, లేదండి" అని, కాగితం ఒకసారి చదివించుకుని, ఎడం చేత్తో సాక్షి సంతకం పెట్టాడు. ఆ రోజు కూడా అతను సైకిల్ మీదే వెళ్లాడు, మామగారు కారులోనే వెళ్లారు. మనుషులు ఒక్క రోజులో మారిపోరు.

మే పదమూడున నాకు పక్క మండలంలో పోలింగు డ్యూటీ పడింది. బడి గేటు దగ్గర రైఫిల్ పట్టుకుని ఒక జవాను నిలబడ్డాడు. ఎక్కడివాడో, తెలుగు రాదు, పాపం చిన్నవాడు. వేలు ట్రిగ్గరుకి దూరంగా, గొట్టం నేల వైపు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. అప్పటిదాకా నవ్వుకుంటూ వచ్చిన జనం అతని దగ్గరకి రాగానే పైటలు సర్దుకుని, గొంతు తగ్గించి, అడుగులు చిన్నవి చేసుకుని నడిచేవారు. పొద్దుటినుంచి అది చూస్తూ ఉంటే నాకు మా హాల్లో మేకులు గుర్తొచ్చాయి. మా ఇంటికొచ్చే పనివాళ్లూ హాలు దాటేటప్పుడు అలాగే నడిచేవారు. అది మా మీద గౌరవమనుకున్నాం.

*

జూన్‌లో ఫలితాలొచ్చాయి, కోడ్ ఎత్తేశారు. తుపాకులు వెనక్కి తీసుకెళ్లమని స్టేషన్ నుంచి అందరికీ ఫోన్లొచ్చాయి. మా లైసెన్సు సంగతి పైనుంచి ఇంకా తేలలేదు. పెద్ద మనిషి, నిజం ఒప్పుకున్నారు, హెచ్చరించి వదిలేస్తారేమో అని ఎస్సైగారు అన్నాడట. కొంచెం ఓపిక పడితే తుపాకీ ఇల్లు చేరే అవకాశం ఉంది.

ఆ రోజు మామగారు మళ్లీ ఇస్త్రీ పంచె కట్టారు. జరీ కండువా వేసుకున్నారు. బీరువాలోంచి లైసెన్సు పుస్తకం తీశారు, ఖాకీ సంచి మాత్రం అడగలేదు.

"సంచి?" అన్నారు మా ఆయన.

"దాంతో పని లేదండి. పుస్తకం ఇచ్చేసి వద్దాం."

అచ్చిబాబు గేటు తీసి, సైకిలు స్టాండు కొట్టాడు. మామగారు కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నారు.

"అచ్చిబాబూ, ఎక్కండి" అన్నారు.

ఆ 'అండి' నేను విన్నాను, అత్తగారు విన్నారు. అచ్చిబాబు వినపడనట్టు సైకిలు పట్టుకునే నిలబడ్డాడు. "వెనకాల వస్తానండి రాజుగారు, మీరు పదండి."

"వెనకాల కాదు. స్టేషన్ నుంచి భీమవరం ఎముకల డాక్టరు దగ్గరకి వెళ్లాలి. ఎక్కండి."

ఎక్కాడు. వంగని చెయ్యి వల్ల బెల్టు అందలేదు. మామగారు వంగి, ఆయనే లాగి పెట్టారు. తుపాకీకి పెట్టినట్టే పెట్టారు, అంత జాగ్రత్తగానే.

డాక్టరుగారు ఈ వయసులో కదపడం అనవసరమన్నారట, ఉన్నదున్నట్టు ఉండనివ్వమన్నారట. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి అచ్చిబాబు చేతిలో ఎక్స్‌రే కవరు ఉంది. దాన్ని వరండాలో మర్చిపోయి, చెరువులకి మేత వేళైపోతోందని వెళ్లిపోయాడు. మర్చిపోయాడో, వదిలి వెళ్లాడో నాకు తెలీదు.

ఆదిత్య అప్పటికి మళ్లీ ఆ గేమ్ ఎక్కించుకున్నాడు. నాకది ఇప్పటికీ నచ్చదు, చెప్తూనే ఉంటాను, వాదిస్తూనే ఉంటాడు. మా వాదన తెగలేదు. ఆ సాయంత్రం మాత్రం ఫోన్ పక్కన పెట్టి కవరు విప్పాడు. నల్లటి ఫిలిం తీసి, పడమటి కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టుకున్నాడు. మోచేతి ఎముకల చుట్టూ, చల్లినట్టు, తెల్లటి చుక్కలు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు. నేను వాడి పక్కనే నిలబడ్డాను. తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. ఫిలిం కిందకి దించబోయాడు.

"ఇంకా అయిదున్నాయండి" అన్నారు మామగారు కుర్చీలోంచి, ఇటు తిరగకుండానే. "లెక్కపెట్టండి."

ఆదిత్య ఫిలిం మళ్లీ వెలుతురుకి ఎత్తి, మిగిలిన అయిదూ లెక్కపెట్టాడు.